అవిశ్వాసం నెగ్గిందా, అవిశ్వాసంలో నెగ్గిండా?

మన గ్రూపులో హన్మకొండ నుంచి గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడొకరు అడిగిన ప్రశ్న ఇది: “అన్నా, ఒక పేపర్ల ‘అవిశ్వాసం నెగ్గింది’ అని రాస్తరు. ఇంకో పేపర్ల ‘అవిశ్వాసంలో నెగ్గిండు’ అని రాస్తరు. రెండిట్ల నెగ్గుడే ఉన్నది. మరి కుర్చీ ఉన్నట్టా, పోయినట్టా?”

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. కింద రెండు ముక్కల్లో చెప్తే సరిపోదని విడిగా పోస్టు పెడుతున్నాను.

‘అవిశ్వాసం నెగ్గింది’ అంటే కుర్చీ పోయింది. ‘అవిశ్వాసంలో నెగ్గిండు’ అంటే కుర్చీ నిలబడింది. మొదటి వాక్యానికి కర్త తీర్మానం, రెండోదానికి కర్త మనిషి. మధ్యలో ఉన్న ‘లో’ అన్న చిన్న విభక్తి ఫలితాన్నే తిప్పేస్తుంది. మాటల్లో ఇబ్బంది లేదు, ‘నెగ్గింది’, ‘నెగ్గిండు’ అని క్రియ చివరే తేడా చెప్పేస్తుంది. చిక్కంతా పేపర్ హెడ్డింగుల్లో. ‘చైర్మన్‌పై నెగ్గిన అవిశ్వాసం’ అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ‘అవిశ్వాసం నెగ్గిన చైర్మన్’ అని రాస్తే మాత్రం లోపలి వార్త చదివితే గానీ ఆయన ఉన్నారో దిగారో తెలియదు.

‘పడిపోయింది’ అన్న మాటతోనూ ఇదే తంటా. ప్రభుత్వం పడిపోయింది అంటాం, తీర్మానం పడిపోయింది అని కూడా అంటాం. ఒకటి జరిగితే రెండోది జరగనట్టే. అందుకే నాకు ‘వీగిపోయింది’ అన్న మాటంటే ఇష్టం. వీగడం అంటే ఓడి వెనక్కి తగ్గడం. పాత తెలుగులో ఓడి పారిపోయిన సేనల గురించి వాడేవాళ్లు. ఇవాళ మన ఇళ్లల్లో, బజార్లో ఆ క్రియ దాదాపు వినపడదు. తీర్మానాల వార్తల్లో మాత్రం గట్టిగా నిలబడింది. ‘అవిశ్వాసం వీగిపోయింది’ అంటే ఇంకో అర్థానికి తావే లేదు.

పరీక్షకు చదివేవాళ్లు ఒక సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోండి. లోక్‌సభలో ఇప్పటిదాకా ఒక్క అవిశ్వాస తీర్మానం కూడా నెగ్గలేదు. మొదటిది 1963 ఆగస్టులో జె.బి. కృపలానీ నెహ్రూ ప్రభుత్వంపై పెట్టారు, అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు పడ్డాయి. ఆ తర్వాత ఎన్నో పెట్టారు, ఏదీ నెగ్గలేదు. 1979లో మొరార్జీ దేశాయ్ ఓటింగ్ దాకా రాకుండానే రాజీనామా చేశారు. మరి సభలో ఓడి దిగిపోయిన ప్రధానుల మాటేమిటి? 1990లో వి.పి. సింగ్, 1997లో దేవెగౌడ, 1999లో వాజ్‌పేయి, ముగ్గురూ ఓడింది తాము పెట్టిన విశ్వాస తీర్మానంలో. అంటే ‘మా మీద సభకు నమ్మకం ఉంది’ అని ప్రభుత్వమే తీర్మానం పెడితే సభ కాదంది. 1999 ఏప్రిల్ 17న తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది మన తెలుగువారు జి.ఎం.సి. బాలయోగి. బ్రిటన్‌లోనూ 1979 మార్చి 28న కాలహన్ ప్రభుత్వం 311–310తో, ఒక్క ఓటుతోనే పోయింది. కాకపోతే అక్కడ ప్రతిపక్షం పెట్టిన అవిశ్వాసమే నెగ్గింది.

కాబట్టి ‘వాజ్‌పేయి ప్రభుత్వం అవిశ్వాసంలో పడిపోయింది’ అని రాస్తే తప్పు. ‘విశ్వాస తీర్మానంలో ఓడింది’ అనాలి.

—

పరకాల నుంచి ఒక సభ్యురాలు: నమస్తే సార్. మా దగ్గర ‘అవిశ్వాసం’ అంటే మున్సిపాలిటీ, ఎంపీపీ, సొసైటీ చైర్మన్లే గుర్తొస్తరు. ‘అవిశ్వాసం పెట్టిండ్రట, క్యాంపుకు పోయిండ్రట’ అని చాయ్ హోటల్ల కూడా మాట్లాడుకుంటరు. పార్లమెంటుల పెట్టేది, మా మున్సిపాలిటీల పెట్టేది ఒకటేనా?

జవాబు: మేడమ్, మాట ఒకటే, పని వేరు. ఈ తేడా తెలిస్తే చాలా వార్తలు వాటంతటవే విడిపోతాయి.

లోక్‌సభలో అవిశ్వాసం ఒక మనిషి మీద కాదు, మొత్తం మంత్రిమండలి మీద. రాజ్యాంగం 75(3) అధికరణం ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలి. రాష్ట్రంలో 164(2) ప్రకారం శాసనసభకు బాధ్యత వహించాలి. మంత్రుల్లో ఒక్కరిని మాత్రమే అవిశ్వాసంతో దించడం కుదరదు, దిగితే అందరూ దిగాలి. అసలు ‘అవిశ్వాస తీర్మానం’ అన్న పేరు రాజ్యాంగంలో లేదు. అది లోక్‌సభ నియమావళిలో 198వ నియమంలో ఉంది. నోటీసు ఇచ్చాక సభలో కనీసం 50 మంది మద్దతుగా లేచి నిలబడాలి, అప్పుడే చర్చకు అనుమతి. అనుమతి అడిగిన రోజు నుంచి 10 రోజుల్లోపు స్పీకర్ చర్చకు తేదీ ఇవ్వాలి. ఫలానా కారణమని తీర్మానంలో రాయనక్కర్లేదు, ‘ఈ సభకు మంత్రిమండలిపై విశ్వాసం లేదు’ అన్న ఒక్క వాక్యం చాలు.

మున్సిపాలిటీలో అట్లా కాదు. అక్కడ మంత్రిమండలి లేదు. కౌన్సిలర్లు తమలో ఒకరిని చైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటారు, అవిశ్వాసం నేరుగా ఆ మనిషి మీదే. అందుకే ‘చైర్మన్ మీద అవిశ్వాసం’ అన్న మాట అక్కడ సరిగ్గా సరిపోతుంది. 2020 జనవరిలో ఎన్నికలైన మన మున్సిపాలిటీల్లో చట్టం చెప్పిన మూడేళ్ల గడువు దాటగానే నోటీసులు మొదలయ్యాయి, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక, 2024 మొదట్లో మరీ ఎక్కువయ్యాయి. సర్పంచ్ మీద మాత్రం పెట్టలేరు, ఎందుకంటే సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. వార్డు సభ్యులు ఎన్నుకునే ఉప సర్పంచ్ మీద పెట్టొచ్చు. ఎవరు ఎన్నుకున్నారో వాళ్ల నమ్మకమే ఇక్కడ లెక్క.

ఇంకోటి. ‘స్పీకర్‌పై అవిశ్వాసం’ అని పేపర్లు రాస్తాయి కదా, అది అవిశ్వాసం కాదు, తొలగింపు తీర్మానం. లోక్‌సభ స్పీకర్‌కు 94వ అధికరణం, శాసనసభ స్పీకర్‌కు 179వది. 14 రోజుల ముందు నోటీసు కావాలి, సభలో అప్పుడున్న మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకోవాలి. మంత్రిమండలి మీద అవిశ్వాసానికైతే ఓటేసినవాళ్లలో మెజారిటీ చాలు.

—

జగిత్యాల నుంచి ఒక రిటైర్డ్ టీచర్: బాబూ, మరి బలపరీక్ష, బలనిరూపణ అన్న మాటల గురించి ఏమీ చెప్పలేదు. ఇప్పుడు టీవీల్లో విశ్వాసం అన్న మాటే పోయింది. అంతా బలమే.

జవాబు: సార్, నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. బలనిరూపణ అన్న మాట తప్పని అనను. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించినప్పుడు జనం అడిగింది అదే కదా, బలం ఎవరికుందో సభలో తేల్చండి అని. ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలను కర్ణాటకలో ఉంచాల్సి వచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. పదేళ్ల తర్వాత 1994 మార్చి 11న ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఆ సూత్రాన్నే గట్టిపరిచింది. ప్రభుత్వానికి మెజారిటీ ఉందా లేదా అన్నది తేలాల్సింది సభలో, రాజ్‌భవన్‌లో కాదని చెప్పింది. అక్కడ బలం అన్న మాట దాని చోట్లో అది ఉంది.

కానీ ప్రతి సందర్భాన్నీ బలపరీక్ష అనేస్తే, సభ అంటే కుస్తీ పోటీ అన్నట్టు వినిపిస్తుంది. చర్చ వెనక్కి పోతుంది, తలకాయల లెక్క ఒక్కటే మిగులుతుంది. విశ్వాసం అన్నప్పుడు ‘ఎవరి విశ్వాసం’ అన్న ప్రశ్న పుడుతుంది, దానికి జవాబు సభ. బలం అన్నప్పుడు ‘ఎవరి బలం’ అంటే జవాబు నాయకుడు. అందుకే గెలుస్తామో లేదో తేలని విశ్వాస తీర్మానానికి ‘విశ్వాస పరీక్ష’ అన్న మాట ఉండనీయండని నేను గట్టిగా అడుగుతాను. చర్చ కోసమే పెట్టే అవిశ్వాసాలు కూడా ఉంటాయి. 2023లో మణిపూర్ విషయంలో పెట్టింది అట్లాంటిదే. నెగ్గదని పెట్టినవాళ్లకూ తెలుసు, ప్రధాని సభకొచ్చి మాట్లాడాలన్నదే వాళ్ల పట్టు. దాన్ని బలపరీక్ష అంటే సంగతే తప్పిపోతుంది.

—

నర్సంపేట నుంచి ఒకరు: అన్నా, పీవీ గారిని వదిలేసిండ్రేంది? మా లక్నేపల్లిల పుట్టిన మనిషి.

జవాబు: వదలలేదన్నా, ఆయన గురించి విడిగా చెప్దామని ఆగాను. 1991లో ఆయన ప్రభుత్వానికి లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. అయినా అయిదేళ్లూ నిలిచింది, మూడు అవిశ్వాసాలు ఎదుర్కొంది. వాటిలో గట్టిది 1993 జులై 28 నాటిది. తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265, తేడా 14 ఓట్లు. దాని వెంటే జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీల ముడుపుల కేసు వచ్చింది, ఆ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేయడానికి డబ్బు తీసుకున్నారని. కింది కోర్టు పీవీకి శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని కొట్టేసింది. అదే కేసులో 1998లో సుప్రీంకోర్టు, డబ్బు తీసుకుని సభలో ఓటేసిన ఎంపీలకు విచారణ నుంచి రక్షణ ఉందని చెప్పింది. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. ఇక ఆ రక్షణ లేదు. ఒక అవిశ్వాసం రోజు పడ్డ ఓట్ల మీద చట్టం తేలడానికి 30 ఏళ్లు పట్టింది.

భాష సంగతికొస్తే, ఆ రోజు ‘అవిశ్వాసం వీగిపోయింది’ అన్నా, ‘పీవీ అవిశ్వాసంలో నెగ్గారు’ అన్నా రెండూ సరైనవే. ‘పీవీ అవిశ్వాసాన్ని వీగించారు’ అని ఎక్కడో చదివాను. అది మాత్రం నా చెవికి ఎక్కలేదు.

—

హన్మకొండ తమ్ముడు: థాంక్స్ అన్నా. ఆఖరి డౌట్. మూజువాణి ఓటు అంటే ఏంది? 2023ల అవిశ్వాసం ‘మూజువాణి ఓటుతో వీగిపోయింది’ అని నోట్స్‌ల ఉన్నది. వాణి అంటే సంస్కృతం కదా, మరి మూజు?

జవాబు: తమ్ముడూ, ఇది సంస్కృతం వాణి కాదు. ఉర్దూ ‘ముహ్ జబానీ’. ముహ్ అంటే నోరు, జబానీ అంటే నోటిమాటగా. జబానీలోని ‘బా’ మన నోట్లో ‘వా’ అయింది, చివర వాణిలా వినపడేసరికి ‘ణి’ అని రాసుకున్నాం. మన వరంగల్ పెద్దమనుషులను అడుగు, ‘జబాన్ ఇచ్చిన’ అంటే మాటిచ్చిన అనే కదా. ఆ జబానే ఇది.

సభలో పద్ధతి ఇట్లా ఉంటది. అనుకూలమైనవాళ్లు అవునని, కానివాళ్లు కాదని గట్టిగా అరుస్తారు. ఏ గొంతు ఎక్కువ వినపడిందో చూసి స్పీకర్ ఫలితం చెప్తారు. ఒప్పుకోని సభ్యులు డివిజన్ అడగొచ్చు. అప్పుడు ఓట్లు లెక్కపెడతారు, ఎవరు ఎటు వేశారో రికార్డు అవుతుంది. పార్టీ విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేస్తే 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల చట్టం) ప్రకారం సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఎవరు ఎటన్నది తేలాలంటే డివిజనే కావాలి. 2023 ఆగస్టు 10న ప్రధాని మాట్లాడుతుండగానే ప్రతిపక్షాలు వాకౌట్ చేశాయి, తీర్మానం మూజువాణితోనే వీగిపోయింది. అంతకుముందు 2018 జులై 20న టీడీపీ పెట్టిన తీర్మానానికి లెక్కలున్నాయి, అనుకూలం 126, వ్యతిరేకం 325.

—

పరకాల సభ్యురాలు: రాజీనామాను మా తాత ‘ఇస్తీఫా’ అనేటోడు సార్. రెండూ ఉర్దూనేనా?

జవాబు: అవును మేడమ్, రెండూ అటువైపు నుంచి వచ్చినవే. అయితే ఉర్దూలో రాజీనామా అంటే రాజీపడి రాసుకున్న కాగితం, ఒప్పంద పత్రం. పదవి వదులుకోవడానికి వాళ్లు వాడేది ఇస్తీఫానే. అంటే మీ తాతగారిదే ఉర్దూ పద్ధతి, రాజీనామాకు ఈ అర్థం మన తెలుగులో, కన్నడ, మరాఠీల్లో స్థిరపడింది. నిజాం కాలం కాగితాలు చదివేవాళ్లెవరైనా గ్రూపులో ఉంటే, అప్పటి దఫ్తర్లలో ఈ రెంటినీ ఎట్లా రాసేవాళ్లో ఫొటో పెట్టండి. పేర్లు, సర్వే నంబర్లు కనపడకుండా చూసుకోండి.