రాగి పనిముట్లతో గ్రానైట్ కోశారంటే నమ్మాలా?

సైటింజనీరు:
ముందే చెబుతున్నా, పిరమిడ్లు గ్రహాంతరవాసులు కట్టారనే బ్యాచ్ కాదు నేను. ఈజిప్టులో గీజా దగ్గరున్న ఖుఫు రాజు పిరమిడ్‌లో రాజు గది పైకప్పు దూలాలు గ్రానైట్‌వి, 25 నుంచి 80 టన్నుల దాకా ఉంటాయంటారు. తెచ్చింది దాదాపు 800 కిలోమీటర్ల అవతలున్న అస్వాన్ నుంచి. వాళ్ల చేతిలో ఉన్న లోహం రాగి. మా వంటింటి గట్టుకి గ్రానైట్ కోయిస్తేనే డైమండ్ బ్లేడు అరిగిపోయింది, ఇక రాగి ఎంత?

ఉలిదెబ్బ:
కోసింది రాగి కాదండీ, ఇసుక. పళ్లు లేని రాగి రేకు కింద ఇసుక పోసి అటూ ఇటూ లాగుతుంటే, ఆ ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం రాయిని తింటుంది. డెనిస్ స్టాక్స్ అనే ఆయన ఇలాగే కోసి చూపించాడు. రాగి కూడా బాగా అరుగుతుంది, కాదనను. ఇక గనిలో రాయిని విడదీసింది డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో దంచి. అస్వాన్‌లో సగంలో వదిలేసిన ఒబెలిస్క్, అంటే ఒంటిరాతి స్తంభం, ఉంది, సుమారు 42 మీటర్లు. ఖుఫు తర్వాత వెయ్యేళ్లకు పైనే అయినా పద్ధతి అదే, చుట్టూ తవ్విన కందకంలో దంచిన గుంటలు వరసగా కనిపిస్తాయి. పగులు వచ్చింది, వదిలేశారు.

నిద్రపట్టదు:
ఒక్క సమాధికి ఇంత యాతనా 🙏

సైటింజనీరు:
ఒక ముక్క కోసి చూపించడం వేరు, 23 లక్షల రాళ్లు పేర్చడం వేరు.

ఉలిదెబ్బ:
ఆ 23 లక్షల్లో దాదాపు అంతా సున్నపురాయే కదా, ఎక్కువ భాగం గీజాలో పక్కనే తవ్వింది. దానికి రాగి ఉలి చాలు. మీరు గ్రానైట్ కష్టం తెచ్చి అన్ని రాళ్లకీ అంటగడుతున్నారు.

నైలుగాలి:
2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో ఖుఫు కాలపు పాపిరస్‌లు, అంటే అప్పటి రాత కాగితాలు, దొరికాయి. మెరెర్ అనే అధికారి, సుమారు 40 మంది మనుషులు, తూరా గనుల నుంచి తెల్ల సున్నపురాయి పడవల్లో గీజాకి చేర్చడం, ఏ రోజు ఎక్కడున్నారో సహా రాసుకున్నాడు. అచ్చం మన సైట్ డైరీ.

సైటింజనీరు:
పడవల సంగతి ఎవరడిగారు? నేనడిగింది గ్రానైట్. అయినా ఉలిదెబ్బ గారూ, జీవితంలో ఎప్పుడైనా ఉలి పట్టారా, లేక వీడియోలు చూసి చెప్పడమేనా?

ఉలిదెబ్బ:
నేను పట్టలేదు, మా తాత పట్టాడు. బండ మీద నీళ్లు చల్లి కాసేపు బీడీ కాల్చుకునేవాడు. అంతా ఆరాక ఎక్కడైనా సన్నగా తడి గీత మిగిలితే, కంటికి కనబడని పగులు అక్కడుందని లెక్క. మా ఊరి గుడి మెట్లు ఆయన చెక్కినవే, ఫలకం మీద మాత్రం డబ్బిచ్చినాయన పేరు. నిరుడు ఒకాయన ఆ మెట్ల మీదే నిలబడి "ఇంత నున్నగా ఉందంటే మిషన్ కోతే" అన్నాడు. మీ మాట నాకు అలాగే వినబడుతోంది.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు.

సైటింజనీరు:
వెళ్తాను. నేను కూలివాళ్లను తక్కువ చేశానా? పునాది మట్టి బాగాలేదని రాసిచ్చాను, ఎవరూ చదవలేదు, ఓ మూల కుంగాక ఇంక్రిమెంట్ ఆగింది నాకే. మీరంతా ఇసుక, తాడు, చెమట అంటారే తప్ప, 230 మీటర్ల భుజం ఉన్న ఆ పిరమిడ్ అడుగుభాగం రెండు సెంటీమీటర్ల తేడాలో మట్టంగా ఎలా వచ్చిందో ఒక్కరూ అడగరు. ఎవడో కూర్చుని లెక్క వేశాడు. ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు.

ఉలిదెబ్బ:
ఇదా మీ బాధ! ముందే చెప్పొచ్చుగా, ఇంతసేపూ రాగిని తిట్టారు. లెక్క వేసినవాళ్లూ తప్పులు చేసే నేర్చుకున్నారు సార్. ఖుఫు తండ్రి స్నెఫ్రు దహ్షూర్‌లో కట్టిన వంకర పిరమిడ్ చూడండి, సగం లేచాక వాలు 54 డిగ్రీల నుంచి 43కి తగ్గించారు. ఆ విరుపు ఇప్పటికీ దూరం నుంచే కనిపిస్తుంది.

సైటింజనీరు:
తగ్గించమన్నవాడి మాట విన్నారన్నమాట. అదృష్టవంతుడు.

నిద్రపట్టదు:
😂😂

సైటింజనీరు:
ఉలిదెబ్బ గారూ, ఆ నీళ్లు చల్లేది ఎండలోనా, పొద్దున్నేనా? మా సైట్‌లో ఒక బండ ఉంది.