అమెరికాలో ఉగాది పచ్చడి, ఇరవై మందికి: వేపపువ్వు సంగతేంటి?

శాన్‌హోసే_కొత్తకాపురం:
ఏడాదంతా మా పార్సిళ్లు తీసిపెట్టి, పిల్లల్ని బస్సు దగ్గర కనిపెట్టుకున్న ఇరుగుపొరుగు వాళ్లకి ఈ ఉగాదికి పచ్చడి, బొబ్బట్లు ఇవ్వాలనుంది. ఇరవై మంది, సగం మంది తెలుగువాళ్లు కారు. కొలతలు చెప్పగలరా? వేపపువ్వు దొరకట్లేదు, ఇండియా నుంచి తెప్పించమంటారా? తేదీ కూడా ఇక్కడ వేరేనట, నిజమేనా?

పుల్లమామిడి:
రెండు ఔన్సుల మూత కప్పులు ఇరవై నిండాలంటే: చింతపండు 60 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు 800 మి.లీ., బెల్లం 300 గ్రాములు, మామిడికాయ ఒకటి పెద్దది, పచ్చిమిర్చి రెండు, ఉప్పు అర టీస్పూను. చింతపండు అరగంట నానాక పిసికి వడకట్టండి. బెల్లం అందులోనే కరిగించి మళ్లీ వడకట్టాలి, లేకపోతే అడుగు కప్పుల్లో ఇసుక తగులుతుంది. సీసాలో వచ్చే చింతపండు గుజ్జు వద్దు. అది ఉడికించినది, పచ్చడి నల్లగా, కషాయంలా అవుతుంది. దిమ్మల్లో కాస్త ఎర్రగా ఉన్నది ఏరుకోండి, నల్లబడిందంటే పాతది. ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు, పులుపుకి చిలుం ఎక్కుతాయి.

అసలు తంటా మామిడికాయతోనే. మామూలు సూపర్‌మార్కెట్లో పచ్చగా కనిపించేవి చాలావరకు పండే రకాలు. కోస్తే లోపల పసుపు, తియ్యదనం. రాయిలా గట్టిగా ఉండి, లోపల తెల్లగా ఉన్నదే కావాలి. తొక్క తీయకండి, వగరు అక్కడే ఉంది. శనగగింజంత ముక్కలు చాలు.

చేదుమనిషి:
పచ్చి పువ్వు, మామిడాకులు సూట్‌కేసులో తెప్పించకండి. ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు, చెప్పకుండా దాస్తే జరిమానా కూడా. ఎండు వేపపువ్వు తమిళ సరుకులు అమ్మే కొట్లో "వేపంపూ" అని అడగండి, ప్యాకెట్లలో ఉంటుంది. టేబుల్ స్పూను చాలు. నెయ్యి చుక్క వేసి సన్నసెగ మీద నిమిషం వేయించండి. మాడితే వచ్చేది వేప చేదు కాదు, బూడిద చేదు. ముందే కలిపితే చేదంతా రసంలోకి దిగిపోతుంది, ఇచ్చే ముందు కప్పుకి చిటికెడు చల్లండి. అదీ దొరక్కపోతే వేయించిన మెంతిపొడి పావు టీస్పూను. వేపనూనె, వేపాకు పొడి మాత్రం వద్దే వద్దు!

పంచాంగం_పక్కన:
తేదీ తేడా నిజమే. సూర్యోదయానికి చైత్ర శుద్ధ పాడ్యమి ఎక్కడుంటే అక్కడ ఉగాది. 2025లో అమావాస్య వెళ్లింది హైదరాబాద్‌లో మార్చి 29 సాయంత్రం నాలుగున్నరకి. అందుకే అక్కడ పండగ 30న. అదే క్షణానికి మీ కాలిఫోర్నియాలో 29 తెల్లవారుజాము నాలుగు, అంటే ఆ పొద్దున్నే పాడ్యమి. ఫోన్‌లోని ఇండియా క్యాలెండర్ చూసి కాకుండా, మీ ఊరికి గణించిన పంచాంగం చూడండి.

శాన్‌హోసే_కొత్తకాపురం:
ధన్యవాదాలండీ. అరటిపండు, జీడిపప్పు వేయొచ్చా?

పుల్లమామిడి:
అరటిపండు నల్లబడుతుంది, ఇచ్చే ముందే కోయండి. జీడిపప్పు మానేయండి, పొరుగువాళ్లలో ఎవరికి పడదో తెలియదు. పొద్దున చేసి మధ్యాహ్నంలోపు పంచేయండి, సాయంత్రానికి ముక్క మెత్తబడుతుంది. కారానికి మిరియాలు వేసినా పరవాలేదు. తెలుగువాళ్లు కానివాళ్లకి "ఒక్క చెంచా చాలు, ముందు తీపి తగిలి తర్వాత చేదు వస్తుంది" అని చెప్పి ఇవ్వండి, లేకపోతే డెజర్టనుకుని కప్పంతా ఒక్కసారి నోట్లో పోసుకుంటారు. బొబ్బట్టు పక్కన పెట్టడం మర్చిపోకండి.