'ఈరే కోర్కులు'నా, 'వీరే కోర్కులు'నా? (రాతి మీద చెక్కించాలి, కాస్త తొందర)

సీతమ్మధార: మామ్మ సంవత్సరీకం దగ్గరపడింది. సింహాచలం గిరి ప్రదక్షిణ దారిలో ఆవిడ ఏటా ఆషాఢంలో వేయించిన మజ్జిగ పందిరి దగ్గర చిన్న ఫలకం పెడుతున్నాం. అప్పన్న భక్తి, రెండుసార్లు వార్డు మెంబరుగిరీ, ఇంటినిండా మనవలు, ఇవేవీ రాయడం లేదు. పేరు, దాని కింద పోతన భాగవతంలో, వామనుడికి దానం వద్దన్న శుక్రుడికి బలిచక్రవర్తి జవాబు చెప్పే 'కారే రాజులు' పద్యంలోంచి ఒక పాదం, అంతే. ఆవిడ నోట విన్నట్టు గుర్తున్నది 'వీరే కోర్కులు వారలన్ మరచిరే'. ఇంట్లో కొందరు 'ఈరే' అంటున్నారు. ఏది ఖాయం చేయమంటారు?

భీమిలి: 'ఈరే'. ఇందులో చర్చ ఏముంది? శార్దూలానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కలవాల్సినది, పదమూడో అక్షరం. 'యీరే కోర్కులు వారలన్ మరచిరే' దగ్గరికి పన్నెండు, పదమూడోది 'యిక్కాలమున్'లో 'యి'. యీ–యి కుదిరాయి. 'వీ' పెడితే యతి పోయింది. ప్రాస మాత్రం 'రే'తో ఎలాగూ నిలుస్తుంది గనక తప్పు చెవికి దొరకదు. నోటి పాఠాల్లో 'వీ' బతికిపోయేది అందుకే.

గోపాలపట్నం: యతి సరే భీమిలి గారూ. మన వైపు వాడు, వీడు అనేవి ఆడు, ఈడు అవుతాయి కదా. 'ఈరే' అని విన్నవాళ్ళు అది మన యాస 'వీరే' అనుకుని, పుస్తకభాషలోకి దిద్దినట్టుగా 'వీరే' చేసి ఉంటారు. అంటే మామ్మగారి పాఠం తప్పు కాదు, అతిజాగ్రత్త.

మహారాణిపేట: ఊహ ముచ్చటగా ఉంది, అర్థం మాత్రం ఒప్పుకోదు. 'వీరే' పెడితే వాక్యానికి క్రియ ఏదీ? శిబిప్రముఖులు ప్రీతితో, యశఃకాములై... ఏం చేశారు? 'ఈరు' అంటే ఇవ్వరు. దాని మీద ఏకారం చేరి 'ఈరే', ఇవ్వలేదా అని. ఆ పద్యం నడకంతా అదే. కారే, గలుగవే, పొందరే, ఈరే: వ్యతిరేకంతో అడిగితే జవాబు 'అవును'. చాలిరే, మరచిరే: వ్యతిరేకం లేకుండా అడిగితే జవాబు 'లేదు'. శుక్రుడు నోరు తెరిచే సందే ఇవ్వడు బలి.

మాధవధార: పాఠం తేలింది గానీ అసలు చిక్కు 'యశఃకాములై' దగ్గరుంది. కీర్తి కోరి ఇచ్చినవాళ్ళని కదా ఆ మాట. పందిరికి పేరు పెట్టుకోకుండా మజ్జిగ పోయించిన మనిషికి అది నప్పుతుందా?

మహారాణిపేట: నాలుగో పాదం ఒక్కటే చెక్కిస్తే ఆ మాట రాదు కదండీ.

మాధవధార: రాతి మీద రాదు. చదివేవాడి నోట్లో వస్తుంది. తెలిసిన పద్యంలో ఒక ముక్క చూస్తే తక్కినది అదే వచ్చేస్తుంది.

భీమిలి: అలా భయపడితే ఇచ్చేవాళ్ళకి సరిపోయే పద్యం పక్కనే ఉంది, 'ఆదిన్ శ్రీసతి కొప్పుపై'. 'కరంబు క్రిందగుట మీదై నా కరంబుంట మేల్ గాదే'. లక్ష్మీదేవిని తాకిన చెయ్యి కిందుండగా నా చెయ్యి పైనుండటం! పోతనకి తప్ప ఇంకెవరికి తడుతుంది?

గోపాలపట్నం: దాని రెండో పాదం ఒకసారి మనసులో చదువుకోండి మాస్టారూ. 'పాలిండ్లపై' వరకూ వచ్చాక సంవత్సరీకానికి వచ్చిన పెద్దలు ఎటు చూడాలి?

భీమిలి: 😀 ఉపసంహరించుకున్నాను. అందులోని 'రాజ్యము గీజ్యమున్' మాత్రం వదలను. రాజ్యాన్ని 'గీజ్యం' అన్న నిర్లక్ష్యం చూడండి.

గాజువాక: ఎవరూ అనలేదు గనక చెబుతున్నాను. చోటు లేదని మూడో పాదంలోంచి 'పేరైనం గలదే' ఒక్కటే పెట్టేరు సుమా. కనీసం పేరైనా మిగిలిందా అని రాజుల్ని ఎత్తిపొడిచే మాట అది. ఆవిడ పేరు కింద అదే చెక్కిస్తే ఇంకేమన్నా ఉందా!

ఇక రాయి సంగతి. అంగుళం అక్షరానికి మధ్య ఖాళీతో కలిపి అంగుళంపావు పడుతుంది. పాదానికి 19 అక్షరాలు, అంటే దాదాపు 24 అంగుళాలు. రెండడుగుల రాయి అయితే అంచులకి చోటుండదు. 28 తీసుకోండి, లేదా 'మరచిరే' దగ్గర విరిచి రెండు వరసలు చేయండి. ఒత్తులు కిందికి దిగుతాయి గనక వరసల మధ్య ఇంకో అంగుళం వదలాలి, లేకపోతే 'ర్కు' కింది వరసలోకి దిగిపోతుంది. యూనికోడ్‌లో పంపితే డీటీపీలో అను ఫాంట్లలోకి మళ్ళీ కొట్టుకుంటారు, తప్పులు పడేది అక్కడే. రాయి సైజు కాగితం మీద ప్రూఫ్ తీయించి, చెక్కేవాడి ముందే పైకి చదవండి.

మహారాణిపేట: ఇంకో మాట. పద్యంలో 'యీరే' అని య వచ్చింది ముందున్న 'కాములై' వల్ల. యడాగమం, రెండు అచ్చుల మధ్య చేరే య. పాదం విడిగా పెడితే దానికి పని లేదు, 'ఈరే' అనే చెక్కించండి. గాజువాక గారు 'పేరైనం' అని ప పెట్టింది కూడా ఆ లెక్కనే. పద్యంలో అది 'బేరైనం', ముందు 'భూమిపైఁ' ఉంది గనక.

భీమిలి: అక్కడ నేను విభేదిస్తాను. ఉద్ధరణ అంటే ఉన్నది ఉన్నట్టు. 'యీ' తీసేస్తే 'యిక్కాలమున్'తో కంటికి జత కుదరదు.

మహారాణిపేట: యతి చెవికండీ, కంటికి కాదు. ఈ–యి ఎలాగూ చెల్లుతాయి.

మాధవధార: మన నేల మీద గురజాడని వదిలి ఇంత దూరం ఎందుకు? 'స్వంత లాభం కొంత మానుకు'. మజ్జిగ పందిరికి ఇంతకన్నా ఏం కావాలి? రెండో చరణం 'పొరుగువానికి తోడుపడవోయ్'. అంత చిన్న రాయికీ సరిపోతుంది.

గోపాలపట్నం: 'మానుకొని' అని చెక్కరు కదా? 3+4, 3+4 మాత్రల్లో 'మానుకు' నాలుగు. 'మానుకొని' ఐదు, ఆ పాట ఛందస్సు ముత్యాలసరం తెగిపోతుంది. 'స్వంత'నా 'సొంత'నా అంటే ఛందస్సు తీర్పు చెప్పదు, రెండూ మూడు మాత్రలే.

భీమిలి: అందులో బరువంతా 'కొంత' మీద ఉంది. అంతా మానుకోమనలేదాయన.

మాధవధార: వార్డు మెంబరుగా చేసిన ఆవిడకి ఆ 'కొంత' బాగా తెలిసే ఉంటుంది.

సీతమ్మధార: అందరికీ నమస్కారం. గురజాడ చరణం ఇంట్లో ఇద్దరికి నచ్చింది, పెద్దత్త మాత్రం పోతనే అంటోంది. 28 అంగుళాల రాయి చెప్పేశాం. 'వీరే' మానేశాం. 'ఈ'నా 'యీ'నా, అదొక్కటి తేల్చండి, రేపు సాయంత్రం ప్రూఫ్ ఇస్తాడట.

భీమిలి: యీ.

మహారాణిపేట: ఈ.

గోపాలపట్నం: 'స్వంత' మీద ఎవరూ ఏమీ అనలేదేం?