అప్‌డేట్: విండోస్ 11కి మారాక ఎక్కని పాత డీటీపీ సాఫ్ట్‌వేర్, దారి దొరికింది

విండోస్ 11కి మారాక శుభలేఖలు చేసే పాత పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవడం లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. తప్పు ఫాంట్లది కాదు, ర్యామ్‌ది అసలే కాదు (అనవసరంగా కొన్నాను). సర్వీస్ కుర్రాడు చూస్తే తేలిందేంటంటే, ఆ సీడీలోని ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది, అంటే బాగా పాతకాలం విండోస్‌కి రాసిన రకం. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో, 64 బిట్ విండోస్‌లో అలాంటివి నడవవు. కంపాటిబిలిటీ మోడ్ (పాత విండోస్‌లా నడిపించే సెట్టింగ్) ఎన్నిసార్లు మార్చినా అందుకే లాభం లేకపోయింది.

మీలో ఒకరు చెప్పిన వర్చువల్‌బాక్సే (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పనిచేసింది. అందులో పాత లైసెన్సుతో 32 బిట్ విండోస్ 7 వేసి, నెట్ ఆపేసి, సాఫ్ట్‌వేర్‌తో పాటు పాత తెలుగు ఫాంట్లూ ఎక్కించాను. యూనికోడ్ కాని ఆ ఫాంట్లు లేకపోతే ‘శ్రీరస్తు’ కాస్తా ఇంగ్లీషు పిచ్చిరాతలా కనిపిస్తుంది. అక్కడే పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లోంచి బయటికి తెచ్చుకుంటున్నాను. కాస్త నెమ్మది, అంతే. మాఘమాసం ఆర్డర్లు గట్టెక్కాయి.