లాకప్ మరణానికి పరిహారం: ఎక్స్‌గ్రేషియాతో హక్కు తీరిపోతుందా?

ప్రశ్న (రాజోలు): మా లంక గ్రామంలో, పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి, పోస్టుమార్టం నివేదికను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఎక్స్‌గ్రేషియా తీసుకుంటే ఇక అడగడానికేమీ ఉండదా అండీ?

జవాబు (అమలాపురం): ఉంటుందండీ. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మానవ హక్కుల తీవ్ర ఉల్లంఘనల బాధితుల కోసం 2005లో ఆమోదించిన మౌలిక సూత్రాల ప్రకారం, డబ్బుతో పాటు పునరావాసం, నిజాన్ని బహిరంగంగా వెల్లడించడం, క్షమాపణ, మళ్లీ జరగదన్న హామీ కూడా బాధితులకు దక్కాలి. ఆ తల్లికి అన్నిటికన్నా ముందు నిజం తెలియాలని నా అభిప్రాయం.

జవాబు (భీమవరం): ఆ సూత్రాలు దేశాలు తప్పక పాటించాల్సిన ఒప్పందం కావు. పైగా పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరినప్పుడు, అక్రమ నిర్బంధానికి పరిహారమిచ్చే నిబంధనపై భారత్ మినహాయింపు ప్రకటించింది. అయినా 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు అదే నిబంధనను ప్రస్తావించి, కస్టడీలో కొడుకును కోల్పోయిన తల్లికి 1,50,000 రూపాయలు ఇప్పించింది.

జవాబు (రాజమహేంద్రవరం): మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది; జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వెంటనే దరఖాస్తు చేయించండి.