మోరో ఏటి మీద శత్రువు ఒడ్డు నుంచి వంతెన తోయడం ఎలా కుదిరింది?

మ్యాపుల పిచ్చి:
రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ పోరు గురించి చదువుతున్నాను. 1943 డిసెంబరులో 8వ భారత డివిజన్ సప్పర్లు (సైన్యపు ఇంజనీర్లు) మోరో ఏటి మీద వేసిన బెయిలీ వంతెనకి (విడి ఇనుప ప్యానెళ్ళు బిగించి వేసేది) 'ఇంపాజిబుల్ బ్రిడ్జి' అని పేరొచ్చింది. దాన్ని జర్మన్ల వైపు ఒడ్డు మీద బిగించి ఇవతలికి తోశారట. ఇనుమంతా అవతలికి మోసుకెళ్ళి మళ్ళీ ఇటు తోయడం దేనికి? ఇక్కణ్ణుంచే తోస్తే పోలా? ఇంకో సందేహం: 1943 సెప్టెంబరులో ఇటలీ ఒడ్డున దిగిన మిత్రపక్ష సైన్యాలకి పోరు ముగించడానికి 1945 మే దాకా పట్టిందంటే ఈ నదులే కారణమా?

ఏటిగట్టు:
చోటు చాలకండీ. బెయిలీ తోయడానికి వెనక ఎంత చోటు కావాలో లెక్క చూస్తే తెలిసిపోతుంది.

ఒక్కో ప్యానెల్ 10 అడుగుల పొడవు, 5 అడుగుల 1 అంగుళం ఎత్తు, 570 పౌన్ల బరువు, అంటే దాదాపు 260 కిలోలు. కింద కడ్డీలు దూర్చి ఆరుగురు ఎత్తాలి. ప్యానెళ్ళని ఒకదాని వెనక ఒకటి సీలలతో కలిపి, రెండు పక్కల మధ్య అడ్డదూలాలు వేసుకుంటూ పోతారు. క్రేన్ అక్కర్లేదు. ఇదంతా ఒడ్డున రోలర్ల మీద బిగించి ముందుకు నెడతారు. ముందు భాగంలో పలకలూ వాటి కింద పొడుగునా వేసే దూలాలూ లేని ఖాళీ చట్రం ఉంటుంది, దాన్నే ముక్కు అంటారు. అవతలి గట్టుని మొదట అందుకునేది అదే. ముక్కు అక్కడికి చేరేదాకా మొత్తం బరువు కేంద్రం రోలర్లకి వెనకే ఉండాలి. లేకపోతే ఏతాం మొగ్గినట్టు ముందుకి మొగ్గి ఏట్లో పడుతుంది.

మచ్చుకి 60 అడుగుల ఏరు అనుకోండి (మోరో కొలత కాదు, లెక్క కోసం). ఒడ్డు మీద ఆనడానికి కలుపుకుని వంతెన 70 అడుగులు, ముక్కు 40. మొత్తం 110. ముక్కు కొస అవతలి గట్టుకి తగిలే క్షణాన ఇవతల 50 అడుగులు తిన్నగా ఉండాలి. అంటే బాట ఏటికి ఎదురుగా కనీసం ఆ మేర తిన్నగా సాగాలి. మోరో దగ్గర ఇవతలి బాట సరిగ్గా ఏటి అంచునే చటుక్కున మలుపు తిరుగుతుంది. కాబట్టి ఇటు నుంచి తోసే మాటే లేదు.

అంతకు ముందు అక్కడి విల్లా రొగాటి ఊరిని పట్టుకున్నది కెనడా పదాతి దళం. అక్కడ వంతెన కుదరదని వాళ్ళ ఇంజనీర్లు తేల్చారు. తర్వాత ఆ చోటు భారత బ్రిగేడ్ చేతికొచ్చింది, సప్పర్లు సామాను అవతలికి చేర్చి అక్కణ్ణుంచి తోశారు. పేరు అలా వచ్చింది.

ఎంత మోత అంటారా? షెర్మన్ ట్యాంకు బరువు 30 టన్నుల దాకా. ఒంటి వరస చాలదు, పక్కకి రెండేసి ప్యానెళ్ళు పెట్టాలి. 70 అడుగులకి 28 ప్యానెళ్ళు, అంటే అవే 7 టన్నులు. ముక్కు, దూలాలు, పలకలు వేరే. రాత్రి దీపం లేకుండా, సమ్మెట దెబ్బ వినబడితే మోర్టార్లు కురిసే చోట.

రోలర్లలో కుడి, ఎడమ ఒక్క మట్టంలో లేకపోతే వంతెన పక్కకి పాకుతుంది. నేల ఎగుడుదిగుడైతే సీల రంధ్రాలు కలవవు, ఎంత కొట్టినా సీల దిగదు. అప్పుడు జాకీతో ప్యానెల్ లేపి సర్దాలి, బలవంతంగా కొడితే ఇరుక్కుంటుంది. ఎక్కువ సమయం ఇక్కడే పోయేది.

పటాలం కబుర్లు:
రెండో సందేహానికి: నదులు సగం కారణం. అపెన్నైన్ కొండల నుంచి ఏళ్ళు రెండు సముద్రాలకీ అడ్డంగా దిగుతాయి, ఒకటి దాటితే ఇంకొకటి: బిఫెర్నో, ట్రిగ్నో, సాంగ్రో, మోరో. జర్మన్లు వెనక్కి పోతూ ప్రతి వంతెనా పేల్చారు. 1943 నవంబరులో సాంగ్రోకి వరదొచ్చి వేసిన వంతెనలే కొట్టుకుపోయాయి. మిగతా సగం సైన్యాలది. నార్మండీ కోసం ఏడు డివిజన్లు, 1944 వేసవిలో దక్షిణ ఫ్రాన్స్ కోసం ఫ్రెంచి దళం, అమెరికన్ ఆరో కోర్ ఇక్కణ్ణుంచే తీసేశారు.

వంతెన పడకపోతే ఏమవుతుందో గారీ ఏరు చెబుతుంది. 1944 జనవరిలో అమెరికన్ 36వ డివిజన్ పడవల మీద, కాలి వంతెనల మీద దాటింది. ట్యాంకులు దాటే వంతెన పడలేదు, దాదాపు 1,700 మంది నష్టం. అదే ఏరు మే 12న 8వ భారత డివిజన్ దాటింది. అక్కడ ఒక షెర్మన్ మీద రోలర్లు పెట్టి వంతెన ఆనించి, వెనక ఇంకో ట్యాంకుతో నెట్టి, ముందు ట్యాంకుని ఏట్లోకి దించేసి మీద నుంచి వంతెన జార్చారు. కొన్ని ట్యాంకులు దాటగానే ఫిరంగి గుండు తగిలి వంతెన దెబ్బతింది. కానీ ఆ పూటే ఇంకోటి కూడా సిద్ధమైంది. నా లెక్కలో గెలిపించింది అదే: ఒకటి పోతే ఇంకోటి ఉండటం.

మ్యాపుల పిచ్చి:
ధన్యవాదాలు. మరి మద్రాసు సప్పర్లు ఇటలీలో ఉన్నారా?

ఏటిగట్టు:
ఉన్నారు. 4వ భారత డివిజన్‌లో 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ మద్రాసువే. ఉమ్మడి మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి భర్తీ కోస్తా జిల్లాల నుంచి కూడా ఉండేది. వంతెన కన్నా ముందు వాళ్ళ పని మందుపాతరలు. షూ మైన్ అనే జర్మన్ పాతరకి చెక్క పెట్టె, లోహాన్ని పసిగట్టే డిటెక్టర్‌కి పెద్దగా చిక్కదు. బాయ్‌నెట్ ఏటవాలుగా పట్టి నేలని అంగుళం అంగుళం పొడుస్తూ వెతకాలి. నిటారుగా గుచ్చితే మూత మీద ఒత్తిడి పడి పేలుతుంది. 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర పాతర ఏరివేతలో 11వ కంపెనీ సుబేదార్ సుబ్రమణ్యం తోటివాళ్ళని కాపాడటానికి పేలబోతున్న పాతర మీద పడ్డాడు. మరణానంతరం జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు. ఒడ్డున ట్రక్కులు తిరిగే చోటు, రోలర్లు దించే చోటు, ఇనుము పేర్చే చోటు, ఈ మూడూ ఇలా గాలించాకే మొదటి ప్యానెల్ దింపేవాళ్ళు.