మా బాబును ఐస్ హాకీలో డిఫెన్స్‌లో పెట్టారు, దానికి కెరీర్ ఉంటుందా? కాల్గరీలో ఉన్నవాళ్లు చెప్పగలరు

ప్రశ్న: కరీంనగర్ నుంచి వచ్చిన తండ్రి

అందరికీ నమస్తే. మేము కెనడాలోని కాల్గరీ వచ్చి పది నెలలైంది. మా బాబుకు తొమ్మిదేళ్లు. స్కూల్లో అందరూ ఆడుతున్నారని ఐస్ హాకీ పట్టుకున్నాడు. సెప్టెంబర్‌లో పేరు నమోదు చేయించాం, యూ11లో (పదకొండేళ్లలోపు పిల్లల విభాగం) కింది గ్రూపు వచ్చింది. నాలుగు వారాలుగా కోచ్ వాణ్ణి డిఫెన్స్‌లోనే ఆడిస్తున్నాడు. గోల్స్ కొట్టే పిల్లలంతా ముందుంటే మావాడు వెనకాల నిలబడుతున్నాడు. కొత్తవాళ్లమని పక్కన పెట్టారా అని నాకు, దెబ్బలు తగులుతాయని మా ఆవిడకు టెన్షన్. వాడు మాత్రం పెద్దయ్యాక ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఇక్కడి అతిపెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్) డిఫెన్స్‌మన్ అవుతానంటున్నాడు. అసలు ఆ దారి ఎలా ఉంటుంది? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: యూ13 ఆడే అమ్మాయి తల్లి

నమస్తే అండి. ముందు సామాను సంగతి చెప్తాను, మిగతాది అన్నయ్యలు చెప్తారు. అన్నీ కొత్తవి కొనకండి. ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ షాపులో పాతవి దొరుకుతాయి, షిన్ ప్యాడ్లు, షోల్డర్ ప్యాడ్లు, ప్యాంట్లు అక్కడ తీసుకోండి. హెల్మెట్ మాత్రం కొత్తది, సీఎస్ఏ (కెనడా భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్నది కొనండి. నెక్ గార్డ్ లేనిదే ఐస్ మీదికి వెళ్లనివ్వరు. స్కేట్లు మామూలు షూ కంటే ఒక సైజు చిన్నవి పడతాయి. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని పెద్దవి కొంటే చీలమండ నిలవదు, ఆ ఏడాదంతా వృథా. ఫీజు భారమైతే పిల్లల ఆటల ఫీజుకు సాయం చేసే కిడ్‌స్పోర్ట్‌కు, జంప్‌స్టార్ట్‌కు దరఖాస్తు పెట్టుకోండి, మొహమాటపడకండి. మేమూ మొదటి ఏడాది అలాగే కట్టాం.

జవాబు: తెనాలి నాన్న, కాల్గరీలో పదకొండేళ్లుగా

తమ్ముడూ, మీ పోస్ట్ చదువుతుంటే ఆరేళ్ల కిందటి నేనే గుర్తొచ్చాను. మా పెద్దవాణ్ణీ మొదటి సీజన్‌లోనే వెనక నిలబెట్టారు. గోల్ కొట్టడం రానివాళ్లను అక్కడికి నెడతారనుకుని కోచ్‌తో మాట్లాడబోయాను. ఆయన ఒక్కటే అడిగాడు, 'మీవాడు వెనక్కి స్కేట్ చేయడం చూశారా?' అని. నేను చూడలేదు. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎటు వెళ్తే నా కళ్లు అటే వెళ్తున్నాయి.

మరుసటి ఆటలో వాణ్ణే చూశాను. అవతలి జట్టు పిల్లవాడు పక్ తీసుకుని వేగంగా మీదికి వస్తున్నాడు. మావాడు వాడికి ఎదురు మొహంగా ఉండి, మోకాళ్లు వంచి, వెనక్కి వెనక్కి జారుతున్నాడు. ఒక చేత్తో స్టిక్ ముందుకు చాచి ఇద్దరి మధ్య దూరం పెరగకుండా, తగ్గకుండా చూసుకుంటున్నాడు. వచ్చేవాణ్ణి మధ్యలోకి రానివ్వకుండా గోడవైపు తోలుకుపోయాడు. చివరికి వాడికి షాట్ కొట్టే చోటే మిగల్లేదు. స్కోర్‌బోర్డ్ మీద ఏమీ పడలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కోచ్ మాత్రం బెంచ్ మీద వాడి హెల్మెట్ తట్టాడు. ఆ దూరాన్ని ఇక్కడ 'గ్యాప్' అంటారు. డిఫెన్స్‌మన్ బతుకుతెరువంతా దానిమీదే.

కాబట్టి మీవాణ్ణి పక్కన పెట్టారనుకోకండి. ఐస్ మీద గోలీ, అంటే గోల్‌కీపర్, కాక ఐదుగురుంటారు, వాళ్లలో ఇద్దరు డిఫెన్స్. పెద్దల జట్టులో ఒక మ్యాచ్‌కు ఆరుగురు డిఫెన్స్‌మెన్, పన్నెండుమంది ఫార్వర్డ్‌లు బరిలో ఉంటారు. అరవై నిమిషాల ఆటను పంచుకునేది ఆ ఆరుగురే కాబట్టి మంచి డిఫెన్స్‌మన్ ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఆడతాడు. ఒక్కో షిఫ్ట్, అంటే ఒకసారి ఐస్ మీదికి వెళ్లి ఆడే సమయం, ముప్పావు నిమిషం. గోడ దగ్గర పక్ తీసుకోవడానికి అవతలివాళ్లకు వీపు పెట్టి వెళ్లాలి, వెళ్లే ముందే భుజం మీదుగా చూసుకోవాలి, తీసుకున్న వెంటనే ముందున్నవాడికి సరైన పాస్ ఇవ్వాలి. జట్టు దాడి మొదలయ్యేది ఆ పాస్‌తోనే. అంతా పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. అందుకే డిఫెన్స్‌మన్ ఆలస్యంగా పండుతాడని ఇక్కడివాళ్లు అంటారు.

ఇక కెరీర్ సంగతి. మన ఊళ్లోనే ఆడిన మార్క్ జియోర్డానో గురించి మీవాడితో చెప్పండి. కాల్గరీలో ఆయన్ను 'జియో' అంటారు. 1983లో టొరంటోలో పుట్టాడు. ఇక్కడ పద్దెనిమిదేళ్లకు ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ ఉంటుంది, అంటే జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం, ఏడు రౌండ్లు. ఆ డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే కథ అయిపోయిందనుకుంటారు తల్లిదండ్రులు. జియోర్డానో పేరు ఏ రౌండ్‌లోనూ రాలేదు. ఓవెన్ సౌండ్ జట్టుకు రెండేళ్లు జూనియర్ హాకీ ఆడాక యార్క్ యూనివర్సిటీలో చదువుకుందామనుకుంటుండగా, 2004లో కాల్గరీ ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఫ్లేమ్స్ వాళ్లు సమ్మర్ క్యాంపుకు పిలిచారు. అక్కడ నచ్చి కాంట్రాక్ట్ ఇచ్చారు.

అప్పుడైనా నేరుగా పెద్ద జట్టులో పెట్టలేదు. రెండేళ్లు కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌లో, ముందు లోవెల్‌లో, తర్వాత ఒమాహాలో ఆడాడు. 2005-06లో ఫ్లేమ్స్ తరఫున దక్కినవి ఏడే మ్యాచ్‌లు. 2007లో టూ-వే కాంట్రాక్ట్ ఇస్తామన్నారు. అంటే పెద్ద జట్టులో ఉంటే ఒక జీతం, కిందికి పంపితే బాగా తక్కువ జీతం. జియోర్డానో ఒప్పుకోలేదు. ఇల్లూ వాకిలీ వదిలి మాస్కో వెళ్లి డైనమో జట్టుకు ఒక సీజన్ ఆడాడు. మనలాగే కొత్త దేశం, కొత్త భాష. అక్కడ బాగా ఆడాక 2008లో ఫ్లేమ్సే మళ్లీ పిలిచి మూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. తన ఆట విలువ తనకు తెలుసు, దాన్ని రుజువు చేసుకోవడానికి అంత దూరం వెళ్లాడు.

2013లో అప్పటి కెప్టెన్ జెరోమ్ ఇగిన్లా వెళ్లిపోయాక జియోర్డానో ఫ్లేమ్స్ కెప్టెన్ అయ్యాడు. 2015 ఫిబ్రవరిలో బైసెప్స్ తెగింది. ఆ ఏడాది ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నారిస్ ట్రోఫీ ఈయనకేనని మాట్లాడుకుంటున్న రోజులవి. సీజన్ అక్కడితో పోయింది. తర్వాతి సీజన్‌లో మొత్తం 82 మ్యాచ్‌లు ఆడి 21 గోల్స్ కొట్టాడు. 2018-19లో 17 గోల్స్, 57 అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు). 35 ఏళ్ల వయసులో నారిస్ ట్రోఫీ చేతికొచ్చింది. ఆ వయసుకు చాలామంది ఫార్వర్డ్‌లు ఆట మానేసి ఉంటారు.

2021లో సియాటిల్ క్రాకెన్ కొత్త జట్టుగా వచ్చినప్పుడు ఈయన్ను తీసుకెళ్లి మొదటి కెప్టెన్‌ను చేశారు. 2022 మార్చిలో టొరంటోకు ట్రేడ్ అయ్యాడు, అంటే పుట్టిన ఊరికే చేరాడు. నలభై ఏళ్ల వయసులో కూడా ఆడాడు. 2023లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ షాట్లకు అడ్డుపడిన ఆటగాడయ్యాడు, 2005-06 నుంచి రాస్తున్న లెక్క ప్రకారం. డ్రాఫ్ట్‌లో ఎవరూ కోరని మనిషి వెయ్యికి పైగా ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడాడు. ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ మాత్రం దక్కలేదు.

షాట్‌కు అడ్డుపడడమంటే ఏమిటో టీవీలో తెలియదు. ఒకసారి ఆఫీసులో ఎవరో టికెట్ ఇస్తే ఫ్లేమ్స్ ఆడే సాడిల్‌డోమ్ స్టేడియంలో అద్దం పక్కనే కూర్చున్నాను. ఫ్లేమ్స్ డిఫెన్స్‌మన్ ఒకతను మోకాలి మీద వాలి షాట్‌కు అడ్డంగా కాలు పెట్టాడు. పక్ అంటే గట్టి రబ్బరు ముద్ద, నూట డెబ్బై గ్రాములు. తగిలినప్పుడు చెక్క పగిలినట్టు చప్పుడైంది. లేచి, కుంటుతూనే పక్‌ను అవతలి చివరికి కొట్టి, బెంచ్ దాకా వెళ్లి కూలబడ్డాడు. తర్వాతి షిఫ్ట్‌కు మళ్లీ వచ్చాడు. ఈ కెరీర్‌లో డబ్బుతోపాటు ఇదీ ఉంటుంది. మీవాడికి రెండూ తెలియాలి.

ఇంకొకటి. మీవాడు ఇంటి దగ్గర క్రికెట్ ఆడేవాడా? కుడిచేతి బ్యాట్స్‌మన్ అయితే కుడిచేయి కిందికి పెట్టి పట్టుకుంటాడు కదా. స్టిక్ కూడా సహజంగా అలాగే పట్టుకుంటే వాణ్ణి 'రైట్ షాట్' అంటారు. కెనడా పిల్లలు ఎక్కువమంది కుడిచేయి పైకి పెట్టి ఎడమవైపు కొడతారు. అందుకే రైట్ షాట్ డిఫెన్స్‌మన్‌కు అన్ని స్థాయిల్లోనూ గిరాకీ. షాపువాళ్లు ఏదో ఒకటి అంటగడితే తీసుకోకండి, వాడికి చేతులు ఎలా కుదిరితే అలాగే కొనండి. స్కేట్లు వేసుకున్నాక స్టిక్ గడ్డం వరకు వస్తే చాలు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి వచ్చిన తండ్రి

అన్నా, మీ రిప్లై మా బాబుకు చదివి వినిపించాను. మాస్కో దగ్గర ఆపి 'మళ్లీ చదువు నాన్నా' అన్నాడు. వాడు రైట్ షాటే, బ్యాట్ పట్టుకున్నట్టే పట్టుకుంటున్నాడు. రెండు సందేహాలు. ఒకటి, ఇంత ఆడితే చదువు ఏమవుతుంది? రెండోది మా ఆవిడది: ఒకళ్ల మీద ఒకళ్లు పడి గుద్దుకోవడం ఏ వయసులో మొదలవుతుంది?

జవాబు: తెనాలి నాన్న

రెండోది ముందు చెప్తాను. 2013 నుంచి దేశమంతటా, ఇప్పుడు యూ13 అని పిలిచే వయసు గ్రూపు వరకు, బాడీ చెకింగ్ (ఒంటితో గుద్ది ఆపడం) నిషేధం. కావాలని గుద్దితే పెనాల్టీ. యూ15 నుంచి పోటీ స్థాయి జట్లలో ఉంటుంది. కాబట్టి మీకు నాలుగేళ్ల టైముంది. ఆలోపు పడడం, గోడ దగ్గర ఎలా నిలబడాలి, తల ఎత్తి స్కేట్ చేయడం నేర్చుకోవాలి. మా ఇంట్లో ఒకటే నియమం: తలకు దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా ఆ రోజు ఆట బంద్. డాక్టర్ చెప్పేదాకా ఐస్ ఎక్కనివ్వను. వాడు ఏడ్చినా సరే. పాతకాలపు గొప్ప డిఫెన్స్‌మన్ బాబీ ఓర్ అంతటివాడు, ఎనిమిదేళ్లు వరసగా నారిస్ గెలిచినవాడు, మోకాళ్లు పాడై ముప్పై ఏళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది.

చదువు. పదిహేను, పదహారేళ్లకు బాగా ఆడే పిల్లల్ని మేజర్ జూనియర్ (కుర్రాళ్ల పై స్థాయి లీగ్) జట్లు తీసుకుంటాయి, మన వైపు ఆ లీగ్ పేరు డబ్ల్యూహెచ్‌ఎల్. అక్కడ ఆడిన ప్రతి సీజన్‌కు ఒక ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు స్కాలర్‌షిప్‌గా ఇస్తారు. ఇంతకుముందు అక్కడ ఆడితే అమెరికా కాలేజీ హాకీకి తలుపులు మూసుకునేవి. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు జూనియర్ ఆడి కూడా అక్కడి యూనివర్సిటీలో ఆడుకుంటూ చదువుకోవచ్చు. పాత నిబంధన విన్నవాళ్లు ఇంకా వద్దని చెప్తుంటారు, కంగారుపడకండి.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెప్తాను. తొమ్మిదేళ్లకే ఏడాది పొడుగునా శిక్షణ, ప్రైవేట్ కోచ్‌లు అంటూ మీ చుట్టూ చేరేవాళ్లు ఉంటారు. మనవాళ్లలో కూడా ఐఐటీ కోచింగ్ లెక్కన ఆలోచించేవాళ్లున్నారు. మా పెద్దవాణ్ణి పదేళ్లప్పుడు ఒక వసంతకాలపు జట్టులో చేర్చి తప్పు చేశాను. వారానికి నాలుగు రోజులు, శని ఆదివారాలు ఎడ్మంటన్, రెడ్ డీర్ ఊళ్లకు ఆటలకు. మే నెల వచ్చేసరికి వాడు పొద్దున్నే బ్యాగు చూసి మొహం తిప్పుకునేవాడు. ఆ వేసవంతా స్కేట్లు ముట్టుకోలేదు. నేనూ అడగలేదు. సెప్టెంబర్‌లో వాడే వచ్చి స్కేట్లకు సాన పెట్టించమన్నాడు. నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ అనే డిఫెన్స్‌మన్ ఏడు నారిస్ ట్రోఫీలు గెలిచాడు, మొదటిది ముప్పై దాటాకే. మన పిల్లలకు ఏం తొందర?

జవాబు: యూ13 ఆడే అమ్మాయి తల్లి

మీ ఆవిడను ఒక్కసారి నాతో మాట్లాడమనండి. మొదటి ఏడాది నేనూ అద్దం ఇవతల నిలబడి వణికిపోయాను. పిల్లలు పడినంత తేలిగ్గా లేస్తారు, అలవాటు కావాల్సింది మనకే. ఇంకొకటి, పొద్దున ఆరింటి ప్రాక్టీసుకు పిల్లాణ్ణి ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. నేను ఇడ్లీ పెట్టి తీసుకెళ్తాను, ఫ్లాస్కులో పాలు.

జవాబు: కరీంనగర్ నుంచి వచ్చిన తండ్రి

అక్కా, అన్నా, మీ ఇద్దరికీ రుణపడి ఉంటాను. నిన్నటి ఆటలో మీరు చెప్పినట్టు పక్ వదిలేసి మావాణ్ణే చూశాను. వెనక్కి జారేటప్పుడు ఎడమవైపు తిరగడం వస్తోంది, కుడివైపు తిరిగితే ప్రతిసారీ పడుతున్నాడు. మూడుసార్లు పడ్డాడు, మూడుసార్లూ ముందు లేచి గోలీ దగ్గరికే వెళ్లాడు. కారెక్కాక 'నాన్నా, నా గ్యాప్ చూశావా?' అని అడిగాడు.

జవాబు: తెనాలి నాన్న

కుడివైపు తిరగడం మావాడికీ చాలాకాలం రాలేదు. రింక్‌లో గంటల కొద్దీ డబ్బు కట్టక్కర్లేదు, చలి బిగిశాక మా కమ్యూనిటీ వాళ్లు బయట ఐస్ వేస్తారు, అది ఉచితమే. శనివారం పొద్దున జనం ఉండరు. రెండు కోన్లు పెట్టి వాటి చుట్టూ వెనక్కి తిప్పిస్తే రెండు నెలల్లో వస్తుంది. మావాడు నేర్పిస్తానంటున్నాడు. బాబు షూ సైజు రాయండి, గరాజ్‌లో మావాడి పాత స్కేట్లు మూడు జతలున్నాయి.